ఆఖరిదాకా కూర్చునే బెర్నడెట్

తొంభైమూడు జనవరి మూడో తారీఖున ఎక్కడున్నావని మా ఊరు బఫెలోలో ఎవరినైనా ఆపి అడగండి. "స్టేడియంలోనే" అంటారు, తడుముకోకుండా. అప్పటికింకా పుట్టనివాళ్ళు సైతం అమ్మ కడుపులో ఉండి చూశామంటారు. అందరి మాటా నమ్మితే ఆ రోజు లోపల నాలుగు లక్షల మంది ఉండాలి. పట్టేది ఎనభై వేలు. మిగతావాళ్ళు ఎక్కడ కూర్చున్నారో ఆ దేవుడికే తెలియాలి.

ఆ రోజు మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బిల్స్ మూడు పాయింట్ల దగ్గరుంటే అవతలివాళ్ళు ముప్ఫైఅయిదు మీదున్నారు. సగం ఆట దాటింది. జనం తిట్టుకుంటూ లేచిపోయారు. సరిగ్గా అప్పుడే మావాళ్ళకి పూనకం వచ్చింది. ఒకటి తర్వాత ఒకటి టచ్‌డౌన్లు వేసుకుంటూ పోయి, ఆట పొడిగించిన సమయంలో నలభైఒకటి, ముప్ఫైఎనిమిదితో గెలిచారు. అంత లోటు పూడ్చి గెలిచిన జట్టు అప్పటిదాకా లేదు. ఆ తర్వాత మేం ఎన్నిసార్లు భంగపడ్డామో లోకమంతా చూసింది, నవ్వింది. నవ్వనీ. ఆ ఒక్క ఆట చాలు మాకు, తల ఎత్తుకుని తిరగడానికి.

ఇరవయ్యో వరసలో కూర్చునే బెర్నడెట్ పావ్లక్ కూడా ఆ రోజు లోపలే ఉన్నానంటుంది. ఆమె అంటే నమ్మనివాళ్ళు లేరు. ఎందుకంటే బెర్నడెట్ ఆట మధ్యలో లేచి వెళ్ళగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. డెబ్బైఒక్కేళ్ళ మనిషి. మా పక్క ఊరు చీక్టవాగాలో ముప్ఫైనాలుగేళ్ళు బడి బస్సు నడిపింది. ఒకసారి తుపానులో బస్సు మంచులో కూరుకుపోతే, ఇరవైరెండు మంది పిల్లల్ని ఏడుగంటలసేపు బిల్స్ పాటలు పాడించి కూర్చోబెట్టింది. "ఎవ్వరూ దిగొద్దు, ఆట అవలేదు" అన్నదట. ఆ పిల్లలు ఇప్పుడు తమ పిల్లలకి ఆ సంగతి చెప్పుకుంటారు.

స్టేడియంలోనూ అంతే. మా జట్టు పదిహేడేళ్ళపాటు ఒక్కసారి కూడా పై అంచెకి చేరని ఆ కరువు రోజుల్లో, నలభై పాయింట్ల తేడాతో ఓడుతున్న ఒక ఆదివారం, ఈడ్చి కొడుతున్న వానలో ఆ వరసలో ఆమె ఒక్కతే మిగిలింది. కాపలా అతను వచ్చి, "ఏమ్మా, ఇంటికెళ్ళవా? వాళ్ళు కూడా వెళ్ళిపోవాలని చూస్తున్నారు" అన్నాడు, ఆటగాళ్ళని చూపిస్తూ. "వాళ్ళు వెళ్ళాక నేను వెళ్తా" అంది. ఆట గడియారం సున్నాకి వచ్చేదాకా కూర్చుంది. ఆ మీదట చప్పట్లు కూడా కొట్టింది.

ఇంత పట్టుదల ఎక్కడిదని అడిగితే నాన్న నేర్పాడంటుంది. అది సగం నిజం. మిగతా సగం ఆమె ఎవరికీ చెప్పలేదు. తొంభైమూడులో ఆ రోజున ఆమె మధ్యలో లేచి వెళ్ళిపోయింది.

వాళ్ళ నాన్న కాజిమిర్ ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి ఒళ్ళు కాల్చుకున్నవాడు. స్టేడియం కట్టిన ఏడాది నుంచీ ఇరవయ్యో వరసలో రెండు సీట్లు ఆయనవే. అరవైతొమ్మిదేళ్ళ ఆయన ఆ రోజు కదలనన్నాడు. లేపింది బెర్నడెట్.

"ఇక చాలు, లే నాన్నా. కాళ్ళు కొయ్యబారిపోయాయి."

"ఇంకా బోలెడు ఆట ఉందే అమ్మాయ్!"

"ఈ దరిద్రం చూడ్డానికా? లే!"

పెద్దాయన లేచాడు. పక్క సీటు ఎమ్మెట్ గ్రేవ్స్ అప్పటికే కనిపించలేదు. అతను కూడా విసిగి పోయుంటాడనుకుంది. కారు రోడ్డెక్కిందో లేదో రేడియోలో అరుపులు. మావాళ్ళు ఒకటి వేశారు. మరోటి. మూడోది పడేసరికి బెర్నడెట్ కారు వెనక్కి తిప్పింది. గేటు దగ్గరికొస్తే గేటు మూసుంది. బయటికెళ్ళినవాళ్ళని మళ్ళీ రానివ్వడం కుదరదన్నారు. కుర్రాళ్ళు కంచె ఎక్కి దూకుతున్నారు. బెర్నడెట్ కూడా ఎక్కింది. ప్యాంటు తీగకి తగులుకుని బర్రున చిరిగింది. కింద నాన్న ఆమె బూటు పట్టుకుని, "పడతావే, దిగు!" అంటున్నాడు. ఆమె దూకగలదు. ఆయన దూకలేడు. ఒక్కక్షణం కంచె మీద అలాగే ఉండి, ఇటే దిగింది.

మిగతా ఆటంతా ఇద్దరూ కంచె బయట నిలబడి హోరు విన్నారు. గెలుపు హోరు లేచినప్పుడు ఎవరో తెలియని మనిషి పెద్దాయన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. ఆయన నవ్వుతూనే ఉన్నాడు. కార్లో కూర్చున్నాక మాత్రం బెర్నడెట్ వెక్కివెక్కి ఏడ్చింది.

"ఎవరైనా అడిగితే లోపలే ఉన్నామను," అన్నాడు కాజిమిర్.

"అబద్ధం కదా నాన్నా!"

"గేటు తీస్తే లోపలే ఉండేవాళ్ళం కదే. తప్పు గేటుది. మనకేంటి?"

తండ్రి ఆ అబద్ధం తన కోసమే ఆడాడని ఆమెకి తెలుసు. ముప్ఫై ఏళ్ళ బిల్స్ పిచ్చిలో ఆయన చూడాల్సిన ఆ ఒకే ఒక్క ఆటని కూతురే చూడనివ్వలేదన్న మాట ఎవరి నోటా రాకూడదని. ఆ మార్చిలో చర్చిలో శుక్రవారం చేపల విందు పెట్టినప్పుడు బల్ల చుట్టూ నలభై మంది మూగితే, ఆయన రేడియోలో విన్నదంతా కళ్ళతో చూసినట్టు చేతులు తిప్పుతూ చెప్పాడు. అక్కడే ఉన్న ఎమ్మెట్, "నేను మధ్యలోనే ఇంటికెళ్ళిపోయా కాజ్. తర్వాతేమైందో చెప్పు" అన్నాడు. బెర్నడెట్ గుండె అప్పుడు కుదుటపడింది. పక్క సీటువాడే లేకపోతే ఇక కాదనేవాడెవడు?

జూలైలో కాజిమిర్ పోయాడు. కొత్త ఆటలు మొదలుకాకముందే. సీట్లు బెర్నడెట్‌కి వచ్చాయి. అప్పటినుంచి ముప్ఫైమూడేళ్ళు, ఒక్కరోజు కూడా ఆమె ముందు లేవలేదు.

తప్పు చేసినవాళ్ళకి నోరు కాస్త ఎక్కువే ఉంటుంది. ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసి రిటైరైన ఎమ్మెట్ పరమ శాంతస్వభావుడు. అతన్ని ఆమె ఆడిపోసుకోని సీజను లేదు. అతను కాఫీకి లేస్తే చాలు, "ఎక్కడికోయ్, మళ్ళీ ఇంటికేనా? నీకు అలవాటేగా!" అనేది. వరసంతా గొల్లుమనేది. ఎమ్మెట్ నవ్వి, ఆమెకి కూడా ఒక కాఫీ తెచ్చేవాడు.

ఆ ముప్ఫైమూడో ఏడే పాత స్టేడియానికి ఆఖరిది. రోడ్డుకి అవతల కొత్తది లేచింది. డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున పదింటికల్లా మా వరసవాళ్ళంతా పార్కింగులో మంచు తోసి పొయ్యిలు వెలిగించారు. ఉప్పురాళ్ళూ షాజీరా అద్దిన బన్నుల్లో వేడివేడి బీఫ్, పక్కన ఎర్రగా కారం పట్టించిన కోడి రెక్కలు. ఇద్దరు ప్రబుద్ధులు మడతబల్ల మీదకి దూకి దాన్ని రెండు ముక్కలు చేశారు, మా ఆనవాయితీ ప్రకారం. ఎమ్మెట్ భార్య లొరైన్ చలికి భయపడి ఏనాడూ లోపలికి రాదు. తిండి దగ్గరికి మాత్రం తప్పకుండా వస్తుంది.

రోవన్ అని, మా వరసలోనే కూర్చునే ప్లంబరు, ట్రక్కు వెనకనుంచి ఒక చెక్క తెచ్చాడు. దానికి నీలం రంగు వేసి, ఎర్రక్షరాలు చెక్కాడు. "బెర్నడెట్ పావ్లక్. ఏ ఆటనీ మధ్యలో వదలని మనిషి."

"ఇది మా అందరి తరఫునా," అన్నాడు రోవన్. "కొత్త స్టేడియంలో మన వరస ఎక్కడుంటే అక్కడికి నువ్వు దీన్ని మోసుకురావాలి. మాట్లాడు బెర్నీ! ఎప్పుడూ వాగుతూనే ఉంటావుగా!"

ముప్ఫై మంది చప్పట్లు కొట్టారు. బెర్నడెట్ చెక్క అందుకుంది. రెండుసార్లు చదువుకుంది. ఆ పేరు కోసం వానలో, మంచులో, జ్వరంలో కూర్చుంది. మోకాలి ఆపరేషనైన మూడో వారం కర్రతో వచ్చి మరీ కూర్చుంది. ఒక్క మాట మింగేస్తే పేరు నిలుస్తుంది. నాన్న మాటా నిలుస్తుంది. నోరు విప్పితే రెండూ పోతాయి.

"నేను దీనికి తగను," అంది.

"అబ్బో, సిగ్గే!" అన్నారెవరో.

"సిగ్గు కాదు, నోర్మూసుకుని వినండి. ఆ తొంభైమూడు ఆట నేను చూడలేదు. మధ్యలో వెళ్ళిపోయా. నాన్న ఉందామన్నాడు. నేనే లాక్కుపోయా. తిరిగొచ్చేసరికి గేటు మూసేశారు. ఇన్నేళ్ళూ మీతో చెప్పిందంతా రేడియోలో విన్నదే."

రోవన్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. బెర్నడెట్‌కి ఎవరి ముఖమూ చూడబుద్ధి కాలేదు. ఎమ్మెట్ వైపు తిరిగింది.

"నీకైతే అర్థమవుతుంది. నువ్వూ వెళ్ళిపోయినవాడివే. అయినా నిన్నే ఆడిపోసుకున్నా. నా తప్పు దాచుకోడానికి."

ఎమ్మెట్ కాఫీ కప్పులోకి చూస్తున్నాడు. లొరైన్ చేతిలో పట్టకారు ఠపీమని బల్ల మీద పడింది.

"ఇక నా వల్ల కాదు," అంది లొరైన్. "ఈయనా వెళ్ళిపోయింది? ఈయన కదిలితే కదా! ఆ రోజు ఇంటికొచ్చి మూడు రోజులు మాట్లాడలేకపోయాడు, అరిచి అరిచి గొంతు పోయి. తేనె, నిమ్మకాయ కలిపి తాగించింది నేను!"

"లొరైన్..." అన్నాడు ఎమ్మెట్.

"ఏం లొరైన్? ముప్ఫైమూడేళ్ళు పళ్ళబిగువున ఊరుకున్నా. ఈమె ప్రతి ఏడూ నిన్ను ఇంటికి పారిపోయినవాడని అంటుంటే, నేనిక్కడ రెక్కలు వేయిస్తూ నవ్వాలా?"

బెర్నడెట్ ఎమ్మెట్ ఎదురుగా వచ్చి నిలబడింది.

"నీ సీటు ఖాళీగా ఉందిగా! నేను చూశాగా!"

"కాఫీకెళ్ళా," అన్నాడు ఎమ్మెట్. "మూడు తెచ్చా. మీరు లేరు."

"మరి చర్చిలో అలా ఎందుకన్నావ్?"

ఎమ్మెట్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"కాజ్ అందరికీ చెబుతున్నాడు. నేను చేప ప్లేటు పట్టుకుని వెళ్ళా. నన్ను చూసేసరికి ఆయన ముఖం పాలిపోయింది. నలభై మంది ముందు. నేను లోపలున్నానంటే, నా పక్కనెవరున్నారని అడుగుతారుగా? అందుకని ఇంటికెళ్ళిపోయానన్నా. నా ఆట నేను చూశా. అది ఎక్కడికీ పోదు. ఆ పెద్దాయనకి అదొక్కటే మిగిలింది."

మా ఊళ్ళో ఆ రోజు లోపల ఉన్నానని చెప్పుకోవడానికి మగాళ్ళు కొట్టుకుంటారు. నిజంగా లోపల ఉన్నవాడు లేనన్నాడు. అన్నాక, ముప్ఫైమూడేళ్ళు దాని మీద నిలబడ్డాడు. జట్టుని ప్రేమించడమంటే అరవడం, రంగులు పూసుకోవడం, బల్లలు విరగ్గొట్టడం అనుకునేవాళ్ళం మేమంతా. నాకు మావాళ్ళ మీద గర్వం ఎప్పుడూ ఉంది. ఆ పొద్దున మాత్రం ఛాతీ పట్టలేదు.

బెర్నడెట్ చెక్కని ఎమ్మెట్ చేతుల్లో పెట్టబోయింది. అతను వెనక్కి తోశాడు.

"నాకెందుకు? నేను కాలు నొప్పెడితే లేస్తా, వాన పడితే లేస్తా. నీలా కూర్చోవడం నా వల్లయ్యే పని కాదు. ఉంచుకో."

ఆమె రోవన్ జేబులోంచి మార్కరు లాక్కుంది. చెక్కని ట్రక్కు మీద ఆనించి, ఎర్రక్షరాల కింద నల్లగా, పెద్దగా రాసింది: "ఒక్కటి తప్ప." తర్వాత దాన్ని అందరికీ కనబడేలా చంకన పెట్టుకుంది. ఇప్పుడు మోయగలనంది.

"బెర్నీ," అన్నాడు ఎమ్మెట్, మెల్లగా. "ఆ రోజు కంచె దూకి వచ్చినవాళ్ళు ఎక్కడ పడితే అక్కడ కూర్చున్నారు. మీ రెండు సీట్లలో నేనెవర్నీ కూర్చోనివ్వలేదు. ఒకడు కొట్టడానికొచ్చాడు. మనుషులున్నారు, వస్తున్నారని చెప్పా. కాఫీలు కూడా అక్కడే పెట్టుంచా."

ఆ మాటకి డెబ్బైఒక్కేళ్ళ బెర్నడెట్ కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

"వచ్చాం ఎమ్మెట్," అంది. "గేటు దాకా వచ్చాం."

"తెలుసు."

లోపల బాజాలు మొదలయ్యాయి. జనం గేట్ల వైపు కదులుతున్నారు. రోవన్ టికెట్లు తీశాడు. బెర్నడెట్ మాత్రం మడతకుర్చీ ఒకటి లాగి, మంచులో గట్టిగా నొక్కి, ఎమ్మెట్‌ని భుజాలు పట్టి కూర్చోబెట్టింది.

"ఇంకా టైముంది. లేకపోయినా ఫరవాలేదు. ముప్ఫైఅయిదు, మూడు దగ్గర్నుంచి చెప్పు. ఒక్క బంతి కూడా వదలకుండా," అంది. ఎమ్మెట్ గొంతు సవరించుకున్నాడు. గేట్ల వైపు వెళ్ళేవాళ్ళని చూసి ఆమె, బడి బస్సులో పిల్లలు కూడా బెదిరే గొంతుతో కేకేసింది:

"ఎక్కడికర్రా పోతున్నారు? ఇటు రండి! ఈయన ఆ రోజు లోపల ఉన్నాడు!"