బండి వేడెక్కే చోట్లు

"బండి అమ్మినా సరే, ఆ డబ్బా మాత్రం ఎవ్వరికియ్యకు" అన్నాడు మా ఆయన.

"ముందుగాల ఈ గోళీ మింగు" అన్నాను నేను.

మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. ఆయన గోళీ మింగి గోడ వైపు తిరిగి పడుకున్నాడు, నేను బియ్యం కడగడానికి పోయాను, చేతులు తుడుచుకుంటూ తిరిగి వచ్చేసరికి మనిషి లేడు. అంత కాలం కాపురం చేసి ఎన్నెన్ని మాటలు అనుకున్నామో గాని, చివరికి నాకు మిగిలినవి ఒక డబ్బా, ఒక గోళీ.

డబ్బా అంటే ఏ నగల డబ్బానో అనుకునేరు. కారు ముందు అద్దానికి రబ్బరు మూతితో అంటుకొని దారి చూపించే డబ్బా అది, జీపీఎస్ అంటారు. ఇప్పుడు ఆ దారి అందరి ఫోన్లలోనే కనబడుతుంది గనుక దాన్ని అడిగే దిక్కు లేదు, పాతసామాన్ల వాడికి ఇచ్చినా వద్దని తిరిగి మన చేతిలోనే పెడతాడు. అలాంటి దాన్ని ఎవ్వరికీ ఇవ్వొద్దని ఒక మనిషి పోయేముందు చెప్పాడంటే అందులో ఏదో ఉందని నాకు అప్పుడే తట్టవలసింది. ఏడుపులో ఏం తడుతుంది.

ఏడాది కావొచ్చింది. సంవత్సరీకానికి పిలవడానికి మిర్యాలగూడలో ఉన్న మా ఆడబిడ్డ ఇంటికి, దారిలో కోదాడలో మా వియ్యపురాలి ఇంటికి పోవలసి వచ్చి, మా కోడలు కారు మీది గుడ్డ తీసింది. కోడలు కోదాడ పిల్ల, ఇక్కడ సూర్యాపేటలో బడిలో చదువు చెబుతుంది, కారు నడపడం ఈమధ్యనే నేర్చుకుంది. నేను చెబుతుంటే ఇది రాస్తున్నదీ ఆమే. నా మాటలను సాపు చేసి తన బడి భాషలోకి తిప్పుతున్నదని నాకు అనుమానం ఉంది గాని, సంతకం తప్ప ఏమీ రాని దాన్ని, ఏం చేయగలను.

ఆమె తాళం తిప్పగానే డబ్బా వెలిగింది. కారు ఇంకా మా గేటు దాటనే లేదు, టింగుమని మోగింది. డబ్బా అద్దం మీద చిన్న ఇల్లు బొమ్మ ఒకటి మెరిసింది. మామయ్య మన ఇల్లు గుర్తుపెట్టుకున్నారత్తయ్యా, దగ్గరికొస్తే మోగుతుంది అని చెప్పి, కోడలు ముచ్చటపడి వేలితో ఆ పటాన్ని చిన్నది చేసింది. చేసేసరికి సూర్యాపేట నుంచి కోదాడ దాకా, కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా, మోతె దిక్కు కూడా, ముగ్గు వేయబోయి చుక్కలు పెట్టి వదిలేసినట్టు అవే ఇళ్లు. మా ఇంటికి ఏ బొమ్మ పెట్టాడో, వాటికీ అదే బొమ్మ.

కోడలు పటాన్ని మళ్లీ పెద్దది చేసి గేరు వేసింది. ఇన్ని ఇళ్లు ఎవరివి అనుకున్నాను నేను.

ఇక్కడ మా ఆయన గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నాది ఉత్త అనుమానపు బుద్ధి అనుకుంటారు. ఆయనది కిరాయి కారు. పెళ్లిళ్లకు, దవాఖానలకు, చావులకు, కాలేజీలో పిల్లలను దింపిరావడానికి, చుట్టుపక్కల చివ్వెంల, మోతె ఊళ్లవాళ్లు కూడా ఆయననే పిలిచేవారు. నెమ్మదైన మనిషి. కారుకే ఒక రోగం ఉండేది, ఊరికే వేడెక్కేది. ఎక్కడో ఒక చోట ఆపి, ముందు మూత లేపి, ఇంజను వైపు చూస్తూ నిలబడేవాడు. సూర్యాపేట మీదుగా పోయే కిరాయి అయితే మా ఇంటి ముందే వేడెక్కేది. అమ్మా, లోపలికి పోయి నీళ్లు తాగి రాండ్రి, ఇది చల్లబడాలె అనేవాడు. వాళ్లు లోపలికి వస్తే నేను నీళ్లిచ్చేదాన్ని, వెనకాలకు పోవాలంటే దారి చూపించేదాన్ని, వాళ్లు పోయాక గిన్నెలు చప్పుడు చేసేదాన్ని. పాత కారు పోయి కొత్త కారు వచ్చింది, రోగం పోలేదు. ఇంకొకటి గమనించాను. మగవాళ్ల కిరాయిలో ఆ కారు వేడెక్కినట్టు నేను ఎన్నడూ వినలేదు. ఇది చదివే మీలో నా ఈడువాళ్లుంటే చెప్పండి, ఇది విన్న ఏ ఆడదానికైనా ఏమనిపిస్తుంది? ఒకసారి అడిగాను కూడా. నవ్వాడు. నవ్వినవాడి నుంచి జవాబు రాబట్టడం నాతో కాలేదు.

ఇంకా ఉంది. డిక్కీలో ఎప్పుడూ ఫినాయిలు సీసాలు ఉండేవి. ఏందివి అంటే కారు కడగనీకి అనేవాడు. కారును ఫినాయిలుతో కడిగేవాళ్లను మీరెవరైనా చూశారా?

ఇక ఆ డబ్బా, మా కొడుకు హైదరాబాదులో పనిచేసే రోజుల్లో తెచ్చిచ్చాడు. సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు కళ్లు మూసుకొని పోగలిగే మనిషికి దారి చూపే డబ్బా ఎందుకని నేను నవ్వాను. కాని ఆయన దాని దారి వినేవాడు కాదు, దానికే తన చోట్లు నేర్పించేవాడు. ఆగిన చోట వేలితో నొక్కితే పంపు, దవాఖాన, హోటలు, ఇల్లు, ఇలా బొమ్మలు వచ్చేవట, ఒకటి ఎంచుకుంటే అక్కడ అతుక్కునేదట. ఒకసారి ఆ డబ్బా మొత్తం ఖాళీ అయిపోయింది. మనిషి అన్నం తినలేదు. బస్టాండు దగ్గరి సెల్లు దుకాణమాయన అదృష్టం కొద్దీ వాటిని అంతకుముందే తన కంప్యూటర్లో దాచి ఉంచాడట, వైరు తగిలించి అన్నీ మళ్లీ ఎక్కించాడు. నేనూ ఆ రోజు కూరగాయలకని వెంట పోయి ఆ దుకాణం ముందు నిలబడ్డాను. అన్నీ వచ్చినయా అని దుకాణమాయన అడిగితే, మా ఆయన చాలాసేపు వేలితో జరిపి జరిపి చూసి, ఒక ఇల్లు తక్కువున్నది, నువ్వు దాచిపెట్టినంక నొక్కింది అన్నాడు. తెల్లారి కిరాయి లేదు, ఏమీ లేదు, ఖాళీ కారు తీసుకొని మిర్యాలగూడ పోయి మధ్యాహ్నానికి వచ్చాడు. ఎందుకు పోయావంటే పనుండె అన్నాడు. ఆ మాట అప్పటి నుంచి నా గొంతులో చేప ముల్లు.

ఇవన్నీ కారులో కూర్చుని ఒకదానికొకటి ముడివేసుకుంటూ పోయాను. మునగాల దాటాక ఒకసారి మోగింది. చూస్తే అక్కడ ఇల్లు లేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేసినట్టున్నారు, సగం గోడ, దాని మీద సున్నం. కోదాడలో వియ్యపురాలిని పిలిచి, చాయ తాగి, హుజూర్‌నగర్ దారి పట్టాము. నేరేడుచర్ల అవతల మళ్లీ మోగింది. ఈసారి ఇల్లు ఉంది, నీలం గేటు, ముందర మిరపకాయలు ఎండబోస్తున్న ఆడమనిషి. మా కారును చూసి ఆమె లేచి నిలబడింది. కోడలు ఆపలేదు. నేను వెనక్కి తిరిగి చూస్తే, ఆమె కూడా ఎండకు కొంగు అడ్డం పెట్టుకొని కారు పోయిన వైపే చూస్తున్నది.

ఇగ నాకు పట్టపగ్గాలు లేవు. "సంవత్సరీకం లేదు, ఏం లేదు. పెట్టేదేదో ఆ ఇంటామెనే పెట్టుకోమను" అన్నాను.

"ఏ ఇంటామెని అత్తయ్యా? డబ్బా నిండా ఇళ్లే ఉన్నాయి. ఇన్ని కాపురాలు చేయాలంటే మామయ్యకి పెట్రోలు చాలేదా?" అంది కోడలు.

నవ్వించాలని అంది. నాకు నవ్వు రాలేదు. ఆయన ఫోటోకు పొద్దున వేసిన దండ గుర్తొచ్చింది, పోయి తీసేయాలనుకున్నాను. ఆయన ఎవరి మొగుడో తెలియకుండా నేను ఆయన పేరు మీద బంధువులకు అన్నం పెట్టలేను. అంత దూరం వచ్చి ఆడబిడ్డ ముందు నిలబడి రండి అని ఏ నోటితో పిలవాలి?

మిర్యాలగూడ రైసు మిల్లులు కనబడుతుండగా మళ్లీ టింగుమంది. ఆయన ఖాళీ కారు తీసుకొని వచ్చింది ఈ దిక్కుకే. ఆపు అన్నాను. కోడలు ఏదో చెప్పబోయింది, తలుపు తీసుకొని దిగాను.

రోడ్డు పక్కన నాలుగు రేకుల ఇళ్లు, అన్నిటికన్నా ముందున్నదానికి వెదురు గేటు. లోపల నా కన్నా కొంత చిన్నామె, బట్టలు పిండుతున్నది. నన్ను ఎవరని అడగలేదు. నా వెనక ఉన్న కారును చూసింది, చేతులు చీరకు తుడుచుకుంది.

"రా అక్కా, ఎనకకు పో. బకెట్ల నీళ్లున్నయి. ఎన్నాళ్లకొచ్చింది బండి" అంది.

ఎంత ధైర్యమో చూడండి. నన్నే రమ్మంటున్నదని లోపలికి నడిచాను. నా కళ్లు ముందు దండెం మీదికి పోయాయి, ఆయన లుంగీ ఏదైనా ఉందేమోనని. తర్వాత గోడకు, ఫోటోలకు. ఏమీ లేదు. ఆమె నా మోచేయి పట్టుకొని ఇంటి పక్క సందులో నుంచి వెనకకు తీసుకుపోయింది. అక్కడ సున్నం వేసిన చిన్న గది, రేకు తలుపు, లోపల నిండు బకెట్టు, మగ్గు. పాయఖానా. ఫినాయిలు వాసన.

"పో అక్కా, సిగ్గేంది. గొళ్లెం జర గట్టిగ లాగు" అంది.

నేను కొట్లాడడానికి వచ్చిన దాన్ని. కాని నిజం చెబుతున్నాను, కోదాడలో చాయ తాగినప్పటి నుంచి పళ్లు బిగబట్టుకొని కూర్చున్నాను, కోడలితో చెప్పలేక. లోపలికి పోయాను.

బయటికి వచ్చాక ఆమె చేతికి సబ్బు ఇచ్చి నీళ్లు పోస్తూ, అన్న ఏడి, ఇయ్యాల మూత లేపలేదే అని అడిగింది. అప్పుడు ఒక్కొక్కటిగా చెప్పింది. చాలాకాలం కింద ఆయన మొదటిసారి వచ్చి గేటు బయటే నిలబడి, చెల్లె, నా బండి వేడెక్కింది, అందులో చివ్వెంల నుంచి వచ్చిన నిండు నెలల మనిషి ఉన్నది, జర లోపలికి పోనిస్తవా అని అడిగాడట. అప్పటి నుంచి ఆడవాళ్లు ఎవరెక్కినా ఇక్కడ ఆగేవాడట. ఎవరూ నోరు తెరిచి అడగనక్కర లేకుండా తనే బండి వేడెక్కిందని చెప్పి, మూత లేపి, వీపు ఇటు పెట్టి రోడ్డు వైపు తిరిగి నిలబడేవాడట. వచ్చినప్పుడల్లా ఫినాయిలు సీసా గేటు పక్కన పెట్టిపోయేవాడట. ఒకసారి మాత్రం ఒక్కడే వచ్చి, చెల్లె, డబ్బాల మీ ఇల్లు పోయింది, మళ్ల నొక్కుకుంట అని బయటే నొక్కుకొని పోయాడట. ఒక్కనాడూ గేటు దాటలేదట. ఆమె భర్తే ఒకసారి చాయకు లోపలికి రమ్మని బలవంతం చేస్తే ఆయన అన్న మాటను ఆమె ఆయన గొంతుతోనే చెప్పింది.

"నేను లోపలికి అడుగు పెడితే, రేపు ఆడోళ్లు మీ ఇంట్లకు రారు తమ్మీ."

పోయిండు, ఏడాదైతది అని చెప్పాను. ఆమె నా వెంట గేటు దాకా వచ్చి, కారు ముందు మూత మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలా ఉంచింది. "సల్లగనే ఉన్నదక్కా" అంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. పెళ్లయిన కొత్తలో, ఈయన ఇంకా వేరేవాళ్ల జీపు నడిపే రోజుల్లో, ఇదే మిర్యాలగూడకు ఇదే ఆడబిడ్డ ఇంటికి పోయాము. జీపు నిండా ఓనరు తాలూకు మగవాళ్లు. ఆపమని ఎవరికి చెప్పను? మన కాలంలో ప్రయాణం అంటే పొద్దున లేచినప్పటి నుంచి నీళ్లు ముట్టకుండా ఉండడమేనని మీకు నేను చెప్పాలా. రెండు వైపులా నాట్లు, ఎక్కడ చూసినా మనుషులే, చాటు అన్నది లేదు. బిగబట్టి బిగబట్టి ఇల్లు చేరాక జ్వరం, పొత్తికడుపులో మంట, దవాఖానలో పడ్డాను. డాక్టరమ్మ నన్ను ఏమీ అనలేదు. ఆయన వైపు తిరిగి, ఆమె అడగలేదు సరే, నువ్వు అడిగినవా అంది. తలొంచుకున్నాడు. ఆ మాట అక్కడితో అయిపోయిందనుకున్నాను. మేము ఆ తర్వాత దాని గురించి ఒక్కసారీ మాట్లాడుకోలేదు. నేను ఎప్పుడు కారెక్కినా అది వేడెక్కేది, ఎవరో తెలిసినవాళ్ల ఇంటి ముందు ఆగేది, ఇదేం దిక్కుమాలిన కారని నేను తిట్టుకుంటూ దిగేదాన్ని.

ఆడబిడ్డను సంవత్సరీకానికి పిలిచి వచ్చాను. తిరుగుదారిలో నీలం గేటు ముందు ఆపించాను, మిరపకాయల ఆమెనూ పిలిచాను. పొద్దుగూకే వేళకు మా గేటు ముందు డబ్బా మళ్లీ మోగింది. మా ఇల్లూ వాటిలో ఒకటే అన్న మాట ఈసారి నన్ను గుచ్చలేదు. మా ఇంటికి వచ్చిన ఆ ఆడవాళ్లకు వెనకాలకు దారి చూపించి గిన్నెలు చప్పుడు చేసింది నేనే కదా. ఫోటో ముందు దీపం పెట్టి, బండి వేడెక్కిందా అని అడిగాను. ఎప్పటి లాగే నవ్వు ముఖం.

ఇప్పుడు పెద్ద రోడ్డు మీద అద్దాల హోటళ్లు వచ్చాయి, పెట్రోలు పంపుల్లో ఆడవాళ్ల బొమ్మ వేసిన తలుపులు ఉన్నాయి, కోడలి ఫోను అడిగితే అవి ఎంత దూరమో కూడా చెబుతుంది. మంచిదే. మా కోడలికి నీళ్లు తాగకుండా బస్సెక్కే బాధ లేదు. కాని ఫోనుకు మనం నోరు తెరిచి అడగాలి. అడగలేని వాళ్ల ముఖం చూసి, తన కారుకు లేని రోగం అంటగట్టి, ఎండలో రోడ్డు వైపు తిరిగి నిలబడే మనిషి ఏ డబ్బాలోనూ దొరకడు.

మోతె దిక్కు ఉన్న ఇల్లు ఒకటి మేము ఇంకా చూడలేదు. అదీ ఇలాంటిదే అయి ఉంటుంది. అయి ఉంటుంది గాని, ఆదివారం కోడలికి సెలవు, పోయి చూసి వస్తాము.

ఇగో కోడలా, కలం పెట్టెయ్యకు. సున్నం వేసిన గది దగ్గర నేను పాయఖానా అని చెప్పినప్పుడు నీ చెయ్యి ఆగింది, నేను చూశాను. ఆ మాటే రాశావా, సిగ్గుపడి మంచినీళ్లని రాశావా? ఏదీ, మొదటి నుంచి చదువు, వింటాను.