నాకంటే ముందు ఆకు చెప్పి వెళ్ళిన మనిషి

దయ్యాలను చూశామనేవారంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. ఎవరైనా "మా మేనమామ కళ్ళారా చూశాడండీ" అని మొదలుపెడితే, ఆ మేనమామను పిలిపించండి, నేనే స్వయంగా అడుగుతాను అనేవాణ్ణి. ఒక్క మేనమామా రాలేదు. ఇప్పటికీ నేను దయ్యాలను నమ్మను. ఈ మాట ముందే చెప్పడం ఎందుకంటే, కింద రాసినదంతా చదివి, ముసలివాడికి మతి చలించిందనుకునే అవకాశం ఎవరికీ ఇవ్వదలచుకోలేదు.

మా మనుమలు మాత్రం ఈ సంగతి విని "ఎవరో మీ పోలికవాడు ఆ ఊళ్ళో ఉండి ఉంటాడు తాతగారూ" అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. అంత సులువుగా తేలే విషయమైతే నేను ఇన్నేళ్ళు మోస్తానా? ఏనాటి విషయం ఆనాడే రాసి పెట్టుకోవడం నాకు అలవాటు. అలా రాసినవే ఇక్కడ చెబుతున్నాను. తరవాత తోచిన అందాలేవీ చేర్చలేదు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. మాది శ్రీకాకుళం దగ్గర నాగావళి ఒడ్డున ఒక పల్లె. విజయనగరంలో ఒక కచేరీలో నాకు రికార్డు గుమాస్తా పని దొరికింది. తాత్కాలికపు పోస్టు. సెలవు పెడితే ఆ కుర్చీలో మరొకరు కూర్చుంటారు. ఇంటి దగ్గర మా తమ్ముడి చదువు నా ఉద్యోగం మీదనే నడుస్తోంది.

వచ్చిన చిక్కల్లా తిండితోనే. బియ్యం కంట్రోలులో ఉన్నాయి. హోటలులో పెట్టే అన్నంలో రాళ్ళు ఏరుకోవడానికే సగం భోజనకాలం పోయేది. చారు అడిగితే పసుపు కలిపిన వేన్నీళ్ళు పోసి, "యుద్ధం కదండీ" అనేవారు. చారులో చింతపండు వెయ్యకపోవడానికీ యుద్ధానికీ సంబంధమేమిటో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

కొద్ది నెలలకే నా కడుపు తిరగబడింది. ఏది తిన్నా నిలిచేది కాదు. బట్టలు ఒంటి మీద వేలాడసాగాయి. చివరికి ఆకలి అన్నదే లేకుండా పోయింది. వైద్యుడు నాడి చూసి, మందు మార్చి, మళ్ళీ నాడి చూసి, "ఈ నెలాఖరుకు తిండి ఒంటబట్టకపోతే ఉద్యోగం సంగతి మరిచిపోయి ఇంటికి వెళ్ళండి" అన్నాడు. నేను వెళితే మా తమ్ముడు బడి మాని పొలంలో దిగాలి. అందుచేత ఊళ్ళో ఒంటికి సరిపడే తిండి ఎక్కడ దొరుకుతుందో వెతకడం మొదలుపెట్టాను. రోజుకొక వీధి. తిన్నది ఏమిటి, కడుపులో నిలిచిందా లేదా అని సాయంత్రం రాసుకునేవాణ్ణి. నిలిచినట్టు ఒక్కనాడూ రాయలేకపోయాను.

ఒకనాటి ఉదయం గంటస్తంభం వెనుక సందులో, అంతకుముందు నేను ఎన్నడూ అడుగుపెట్టని చోట, ఒక పాకలో పెసరట్ల పెనం కనబడింది. దాని వెనుక ఉన్నవాడి పేరు అప్పన్న అని తరవాత తెలిసింది. నేను బల్ల మీద కూర్చున్నానో లేదో, ఏమీ అడగకుండానే అట్టు వేసి నా ముందు పెట్టాడు. ఉల్లిపాయ లేదు. పచ్చిమిర్చి లేదు. అల్లం, జీలకర్ర దండిగా ఉన్నాయి.

"నేను ఇంకా ఏమీ చెప్పలేదే!" అన్నాను.

"నిన్న సెప్పినారు కదండీ బాబూ! ఉల్లి ఒద్దు, మిరప ఒద్దు, రేపు కూడా ఇలాగే ఎయ్యమని మీరే సెప్పి ఎలిపోనారు" అన్నాడు.

నేను నిన్న ఈ వీధికే రాలేదని గట్టిగానే చెప్పాను. అతడు నా వంక జాలిగా చూసి, "తినీయండి బాబూ, నీరసానికి అలాగే ఉంటాది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా అట్టు తిన్నాను. ఆ పూట కడుపులో తిన్నది నిలిచింది.

కొన్నాళ్ళకు సంతలో చోడి అంబలి, అంటే రాగి అంబలి, అమ్మే ముసలమ్మ దగ్గరా ఇదే తంతు. నేను నోరు తెరవకముందే, పులిసిన కుండ పక్కకు జరిపి, నాకోసం వేరుగా ఉంచానంటూ అప్పుడే కాచిన అంబలి పోసింది. "పులుపు పడదన్నావు కాదేటి, నాయినా!" అంది. ఆ మాట నేను ఆమెతో అనలేదు. కాని నాకు పులుపు పడదన్నది నిజం.

ఎవరో నన్ను ఆట పట్టిస్తున్నారనుకున్నాను. అనుమానం మా కచేరీలో పక్క బల్ల దగ్గర కూర్చునే సన్యాసిరావు మీదికి పోయింది. వాడు పరాచికాలకు పెట్టింది పేరు. నిలదీశాను.

వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏటోయ్, నీకు తెలీకుండా నువ్వే ఊరంతా తిని తిరుగుతన్నావా? అలాటోడు నాకొకడు దొరికితే బాగుణ్ణు. కచేరీకి ఆణ్ణి పంపించీసి నేను తొంగుందును!"

పైగా వాడే నన్ను మూడులాంతర్ల కూడలి దగ్గర పైడమ్మగారి పూటకూళ్ళింటికి పొమ్మన్నాడు. అన్నం మంచిదే కాని ఆమె నియమం కఠినమట. కంట్రోలు బియ్యంతో నడిపే ఇల్లు కాబట్టి, పొద్దున్నే వచ్చి "మధ్యాహ్నానికి నాకొక ఆకు" అని చెప్పినవాడికే ఆమె బియ్యం కొలిచి పోస్తుంది. చెప్పకుండా వచ్చినవాడు జమీందారైనా సరే, గుమ్మంలోంచి తిరిగి వెళ్ళవలసిందే.

ఆ నియమం నిజమేనా కనుక్కుందామని ఒక మధ్యాహ్నం వెళ్ళాను. గుమ్మంలో నిలబడగానే ఆమె లోపలి నుంచి కేకేసింది. "ఏటి బాబూ, ఇంత ఆలీసం? ఆకు ఆరిపోతన్నాది. కాళ్ళు కడుక్కుని కూకో."

వరసలో ఒక ఆకు ఖాళీగా ఉంది. కూర్చున్నాను. వేడి అన్నం పెట్టి, దాని మీద వేయించి దంచిన వాముపొడి చల్లి, నెయ్యి వేసింది. జబ్బు పడిన బిడ్డకు మొదటి ముద్ద వాముపొడితో కలిపి పెట్టడం మా అమ్మ పద్ధతి. విజయనగరంలో ఆ సంగతి నేను ఎవరికీ, సన్యాసిరావుతో సహా, చెప్పి ఉండలేదు.

"ఇది వెయ్యమని ఎవరు చెప్పారమ్మా?"

"ఎవులేటి? నువ్వే. పెరటి గుమ్మం కాడ నిలబడి, మొదటి ముద్దకి ఇదెయ్యి పైడమ్మా అన్నావు. తిను ముందు, సల్లారిపోతాది."

మర్నాడు సన్యాసిరావును వెంటబెట్టుకుని వెళ్ళాను. పొద్దుటి నుంచీ నేను తన పక్కనే కూర్చుని కాగితాలు కుడుతున్నానని వాడు ఆమె ముందు ప్రమాణం చేశాడు. ఆమె వాణ్ణి ఎగాదిగా చూసి, "ఈ బాబు పోలికే అబద్దాలోడి పోలిక" అని తేల్చింది. ఆనాడు కూడా నాకు ఆకు వేసి ఉంది. పాపం, సన్యాసిరావు పేరు ఎవరూ చెప్పలేదు. వాడు ఆకలితో వెనక్కి పోయాడు.

ఇక ఊరుకోదలచలేదు. ఆదివారం నాడు తెల్లవారగానే పోయి ఆమె వీధి అరుగు మీద కూర్చున్నాను. అంతకుముందే పెరడు చూసి వచ్చాను. మూడు వైపులా నిలువెత్తు గోడ. సందులోకి ఉన్న ఒకే ఒక తలుపు వానకు ఉబ్బి బిగుసుకుపోయింది. దానికి అడ్డంగా పనసకాయలు పేర్చి ఉన్నాయి. పెరట్లోకి పోవాలంటే నన్ను దాటే పోవాలి. ఆకు చెప్పుకునేవాళ్ళు వచ్చారు, చెప్పారు, వెళ్ళారు. వారిలో నా పోలికవాడు ఒక్కడూ లేడు. నేను అరుగు దిగలేదు, కునుకు తియ్యలేదు.

భోజనం వేళకు లోపలికి వెళితే, నా ఆకు వేసి ఉంది.

"నూతి కాడ నిలబడి సెప్పీసి ఎలిపోనావు గదా" అంది పైడమ్మ. పరుగున పోయి పెరటి తలుపు చూశాను. పనసకాయలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. తిరిగి వచ్చి కూర్చుంటే, ఆమె నా వంక చూసి, "పనసపొట్టు కూర రేపొండుతాను లే, అంతలా ఆరాటపడకు" అంది. బంతిలోవాళ్ళు నవ్వారు.

భయపడ్డానా అంటే, నిజానికి కోపం వచ్చింది. నా అనుమతి లేకుండా నా పేరున తిరిగే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ కోపంలోనూ రోజూ వెళ్ళాను, రోజూ తిన్నాను. అప్పన్న అట్టు, ముసలమ్మ అంబలి, పైడమ్మగారి వాము అన్నం, వీటితో ఒంట్లోకి శక్తి వచ్చింది. కాని అప్పటికీ ఆకలి వేసి తిన్నది లేదు. మందు మింగినట్టు తినేవాణ్ణి.

నెలాఖరు దగ్గరపడింది. ఒకనాడు కచేరీలో ఉండగా కడుపులో ఏదో కదిలినట్టయింది. జబ్బు తిరగబెట్టిందని హడలిపోయాను. కాసేపటికి గాని గుర్తు పట్టలేదు, అది ఆకలి. బల్ల మీద కాగితాలు వదిలేసి మూడులాంతర్ల వైపు నడిచాను. దాదాపు పరుగెత్తాను.

ఆనాడు నాకు ఆకు లేదు.

వరస అంతా నిండి ఉంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. పైడమ్మ గరిటె పట్టుకుని బయటికి వచ్చింది.

"ఇయ్యాల సెప్పలేదు గదా, బాబూ. నిన్న నువ్వే అన్నావు. రేప్పొద్దున్న నాను రాను పైడమ్మా, ఆడికి ఆకలేస్తే ఆడే వచ్చి అడుగుతాడు అన్నావు. ఆడెవులో అనుకున్నాను."

తోచిన ఒక్క మాట చెప్పాను. "నాకు ఆకలిగా ఉందమ్మా."

ఆమె తన నియమం పుట్టిన నాటి నుంచి ఎవరికీ చెయ్యని పని చేసింది. వంటింట్లో తన కోసం ఉంచుకున్న అన్నం తెచ్చి, పొయ్యి పక్కన ఆకు వేసి నాకు పెట్టింది. పనసపొట్టు కూర ఉంది. ఆవపిండి ఘాటుకు కళ్ళనీళ్ళు వచ్చాయి. మారు అడిగి వడ్డించుకుని తిన్నాను. "ఇన్నాల్టికి మనిసిలాగ తిన్నావు" అంది పైడమ్మ.

వైద్యుడు నాడి చూసి ఇంటికి వెళ్ళనక్కరలేదన్నాడు. పోస్టు నిలిచింది. మా తమ్ముడు చదువు పూర్తి చేశాడు. ఆ నాటి నుంచి ఊళ్ళో ఏ ఒక్కరూ "నిన్న వచ్చారు కదా" అని నాతో అనలేదు. ఏ పొద్దుకా పొద్దు నా ఆకు నేనే వెళ్ళి చెప్పుకున్నాను.

ఎవరతడు? పోలికవాడైతే వాముపొడి సంగతి ఎలా తెలుసు? పనసకాయలు కదలకుండా ఆ పెరట్లోకి ఎలా వచ్చాడు? నాకు తెలియదు. తెలియదని రాయడం నా స్వభావానికి ఎంత కష్టమో నన్నెరిగినవారికి తెలుసు. ఆ తరవాత కచేరీకి కొత్తగా వచ్చినవారు, ఊళ్ళో ఎక్కడ తింటే బాగుంటుందని నన్నే అడిగేవారు. ఈ మూడు చోట్లూ చెప్పేవాణ్ణి. "ఇవి మీకెలా దొరికాయండీ?" అని అడిగితే మాత్రం, పని ఉన్నట్టు కాగితాల వైపు తిరిగేవాణ్ణి.