ఛాసిస్ తెచ్చిన చేయి

మొన్న మా మనుమరాలు కుక్కరు గ్యాస్కెట్ ఒకటి ఫోనులో తెప్పించింది. పార్శిలు ఎక్కడిదాకా వచ్చిందో చూడమని ఫోను నా ముఖం ముందు పెడితే, ఒక పటమూ దాని మీద పాకుతున్న ఒక చుక్కా కనిపించాయి. మాల్ అనే ఊరు దాటి కొండమల్లేపల్లి వైపు వస్తోందట. తెస్తున్నది ఎవరని అడిగాను. "గది ఇండ్ల రాదు తాతా" అని నవ్వి అవతలికి పోయింది. నాకు మాత్రం మా మేనమామ గుర్తుకొచ్చాడు.

దేవరకొండలో బస్టాండుకు కాస్త అవతల, రేకుల షెడ్డులో మా ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఉండేది. నేను అందులో బుకింగ్ గుమాస్తాను, మామ డ్రైవరు. కొల్లాపూర్ మామిడికాయలూ, మా వైపు బత్తాయిలూ ఆముదాలూ, నేతవాళ్ల ఇళ్ల నుంచి చీరల మూటలూ మా లారీల్లోనే హైదరాబాదు చేరేవి; వచ్చేటప్పుడు ఎరువుల బస్తాలూ కిరాణా సామానూ వేసుకొచ్చేవి. మామ బండి ముందు ముక్కు పొడుచుకొచ్చిన పాతకాలపుది. ఊరి బయట దాని హారన్ వినిపిస్తే చాలు, మా హమాలీలు సగం తాగిన చాయ్ వదిలేసి లేచేవారు. అంత చప్పుడు చేసే బండి అంత నెమ్మదిగా రావడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

మా కంపెనీలో ఒక ఆచారం ఉండేది. ఆ రోజుల్లో కొత్త లారీ అంటే షోరూంలో ఇచ్చేది ఇంజనూ చక్రాలూ ఉన్న ఉత్త ఇనుప చట్రమే, ఛాసిస్ అంటారు. కేబినూ, చెక్క తొట్టీ తర్వాత వడ్రంగులు కట్టాల్సిందే. ఆ చట్రం మీద చెక్కపెట్టె వేసుకుని కూర్చుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, ఎండనకా దుమ్మనకా దాన్ని ఊరికి తోలుకొచ్చినవాడే ఆ బండికి చివరిదాకా డ్రైవరు. చేయి మారకూడదు, మారితే బండి మొండికేస్తుంది. ఓనరు మొదలుకొని హమాలీ దాకా అందరూ ఇది దేవుడి మాటలా నమ్మేవారు. మామ అలా ఛాసిస్ తెచ్చిన రోజున, ఎదురు చూస్తూ నిలబడ్డ మా అమ్మమ్మ దుమ్ము కొట్టుకుపోయిన సొంత కొడుకును పోల్చుకోలేక, "ఎవలయ్యా నువ్వు, జర పక్కకు జరుగు, మా పిల్లగాడు కొత్త బండి తోల్కొస్తుండు" అని కసిరింది. ఆ ముచ్చట చెప్పుకుని మేము ఏళ్ల తరబడి నవ్వుకున్నాం.

తెలంగాణ వచ్చిన రోజున మా లారీలన్నింటికీ జెండాలు కట్టి, ఊరంతా తిప్పి, ఇక మన సరుకు మనమే మోసుకుంటామని మిఠాయిలు పంచాం. రోడ్లు నిజంగానే వెడల్పయ్యాయి. కానీ ఆ రోడ్ల మీదికి మాకంటే పెద్ద బండ్లు వచ్చాయి, ఫోను కొడితే తోట దగ్గరికే వచ్చే చిన్న బండ్లూ వచ్చాయి. మా ఆఫీసులో ఒక్కొక్క లారీ తగ్గుతూ, చివరికి మామ బండి ఒక్కటే మిగిలింది. అది నడిస్తేనే ఓనరుకు కంపెనీ, మామకు బతుకు, నాకు కుర్చీ.

సరిగ్గా బత్తాయి కోతల ముందు మామ ఎడమ మోకాలు పట్టేసింది. దవాఖానలో చూపిస్తే, క్లచ్ తొక్కడం మానుకొమ్మన్నారు. వేరే డ్రైవరును పెడదామని నేను ఓనరుకు చెప్పి చూశాను. మామకు కూడా చెప్పాను. ఇద్దరూ నన్ను ఏదో అనరాని మాట అన్నవాడిలా చూశారు. ఆ బండిని ఇంకొకరి చేతికి ఎట్లా ఇస్తామని ఓనరు, కాలు నయమైతే తానే తోలుతానని మామ. నాకు ఒళ్ళు మండిపోయింది. బత్తాయి ఆగుతుందా? రైతులు మొహమాటానికి కొన్నాళ్ళు చూసి, పండు రాలడం మొదలయ్యాక వేరే బండ్లు పిలుచుకున్నారు. తర్వాతి కోతకు మమ్మల్ని అడిగినవాడే లేడు.

బండి షెడ్డు పక్కనే ఉండిపోయింది. మామ రోజూ కుంటుకుంటూ వచ్చి, కేబిన్ ఎక్కి, ఇంజను స్టార్టు చేసి కాసేపు విని దిగేవాడు. బ్యాటరీ పోయాక ఊరికే కూర్చునేవాడు. టైర్లు పగుళ్లిచ్చాయి, తొట్టిలోకి మేకలు ఎక్కాయి. కాలు నయం కాలేదు. చివరికి ఓనరు కళ్ళొత్తుకుంటూ బండిని తుక్కుకు బేరం పెట్టాడు.

తుక్కు కొన్నతను బండి తోలుకుపోవడానికి తన మనిషిని తీసుకుని వచ్చాడు. మామ కేబిన్ తలుపుకు అడ్డంగా నిలబడి, "తెచ్చింది నేను, తీస్కపొయ్యేది గూడ నేనే" అన్నాడు. కొన్నతను తన మనిషిని వెనక్కి రమ్మన్నాడు. అతని దగ్గరే బ్యాటరీ అడిగి బిగించుకుని, నన్ను పక్కన ఎక్కించుకుని బయలుదేరాడు. గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఎడమ కాలిని చేత్తో ఎత్తి క్లచ్ మీద పెట్టుకునేవాడు. నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. ఊరి బయట తుక్కు దొడ్డికి చేరాక, బండిని వెనక్కి తీసి, ముందుకు తెచ్చి, గోడ వెంబడి వంకర లేకుండా ఆపాడు. ఎక్కడ ఆపితే ఏముంది, రేపు కోసేదే కదా అని కొన్నతను నవ్వాడు. మామ అది విననట్టే దిగి, ఒక రాయి వెతికి తెచ్చి, బండి కదలకుండా వెనుక టైరు కింద పెట్టాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత ఎప్పటికో సర్కారు దవాఖానలో మోకాలి ఆపరేషను చేశారు. ఇప్పుడు శుభ్రంగా నడుస్తాడు. ఇంత బాగైంది కదా, ఏదైనా చిన్న బండి తోలరాదా అని ఒకసారి అడిగాను. బైపాసు మీద పోతున్న కంటెయినర్లను కాసేపు చూసి, "అవ్వి ఎవరు తోలినా నడుస్తయి అల్లుడా" అన్నాడు.

మా ఆచారం మమ్మల్ని ముంచిందని నాకు తెలుసు. ఇప్పుడు తలుచుకున్నా కోపమే వస్తుంది. కానీ ఫలానా పని ఫలానా మనిషిదేనని, ఆ మనిషి మంచాన పడితే పని కూడా ఆగి ఎదురు చూడాలని నమ్మిన చోటు నా బతుకులో అదొక్కటే. ఇప్పుడు ఏ పనీ ఎవరి కోసమూ ఆగడం లేదు.