మజ్జిగ తాగిన ఎర్రకారు

అరవైలనాటి ఎండాకాలం. నందిగామ బట్టల షావుకారికీ నాకూ ఒకే రకం ఎర్రకారు ఉండేది. గుర్రాన్ని మించిన జోరు, గుర్రాన్ని మించిన అలక.

"ఎండకి పెట్రోలు ఆవిరై ఆగిపోయే కారెందుకండీ మాస్టారూ, అమ్మేయండి! మేమైతే పెట్రోలు గొట్టానికి తడిగుడ్డ చుడతాం, ఇంక విమానమే!" అన్నాడాయన నలుగురిలో.

"మీకంటే ముందు జగ్గయ్యపేట చేరకపోతే అమ్మేస్తా!" అన్నాను.

రాళ్లకే చెమటలు పట్టే ఎండ. సగం దారిలో రెండు కార్లూ ఆగిపోయాయి. ఆయన కారు నిండా గుడ్డలే, నీటిచుక్క లేదు. నేను మా ఆవిడ పంపిన మజ్జిగలో కండువా ముంచి గొట్టానికి చుట్టాను. కాసేపటికి ఇంజను గర్జించింది.

"కాస్త మజ్జిగ పొయ్యండి మాస్టారూ!"

"అమ్మెయ్యమన్న నోటితోనే అడుగుతున్నారా?" అంటూ మిగిలిన మజ్జిగ చెంబు ఆయన చేతిలో పెట్టి, ముందుగా పేట చేరాను.

ఆ పుల్లటి వాసన ఇప్పటికీ పోలేదు. కారూ అమ్మలేదు.