ఆగని అలారం

సోమందేపల్లెలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న మెకానిక్, చెరువులో జనాన్ని తిప్పే నీటి స్కూటర్ గురించి విసుగ్గా చెప్పాడు. ఇంజన్ వేడెక్కిందని మోగే అలారం, సెన్సార్ రెండుసార్లు మార్చినా ఆగలేదట.

"నీళ్లెంత లోతుండాయప్పా?" అని అడిగాను.

"మోకాలి దాకే అవ్వా. ఇంజన్ సల్లబడేకి నీళ్లు పీల్చాల. ఇది బురద పీలుస్తాండాది."

"అయితే అలారం నిజమే చెప్తాండాది కదా!"

"మా ఓనరుకు ఆ నిజమే వద్దంట. ఈ పొద్దు దాని వైరు కత్తిరించకపోతే పనిలోంచి తీసేస్తాడంట."

ఫోన్ తీసి ఓనరుకు చేశాడు. "అన్నా, నేను కత్తిరించను. ఎక్కేవాళ్లలో పిల్లోళ్లుంటారు. వేరే మనిషిని చూసుకో." దారిలోనే దిగి, వెనక్కి పోయే బస్సు కోసం రోడ్డు దాటాడు. అతని టికెట్టుకు ఇంకా మూడు స్టాపులున్నాయి.

నా బీపీ అంకె రోజూ పెరుగుతోందని తొమ్మిది రోజుల కిందట అటక మీద పెట్టేసిన మిషన్‌ను ఆ సాయంత్రం దించి, చేతికి కట్టుకున్నాను.