హర్షద రెండు దేశాల చదువు

సోలాపూర్ దాజీ పేట్‌లో తండ్రి పాండురంగ్ కార్ఖానా మీద గదిలో పెరిగింది హర్షద. కింద మరమగ్గాలు తువాళ్లు నేస్తుంటే ఆ చప్పుడులోనే అక్షరాలు దిద్దింది, ఆ చప్పుడులోనే పన్నెండో తరగతి దాటింది. డాక్టరు చదువు ప్రవేశ పరీక్షలో రెండుసార్లు అర్హత అయితే వచ్చింది గానీ, సర్కారు కాలేజీలో సీటు దొరికే ర్యాంకు రాలేదు. ఇంకోసారి రాసే ఓపిక లేక కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కేక్‌కు వెళ్లి అక్కడ చేరింది. ఆ మరుసటి ఏడే ఆమె చిన్నాన్న పెంటప్ప కొడుకు సౌరభ్‌కు మొదటి ప్రయత్నంలోనే సోలాపూర్‌లో సీటు వచ్చింది. పెంటప్ప అశోక్ చౌక్ దాకా పేడాలు పంచాడు.

అప్పటినుంచి చుట్టాల్లో మరాఠీ కలిసిన ఒక మాట స్థిరపడిపోయింది. సౌరభ్‌ది అవఘడ్ చదువు, హర్షదది సోపా చదువు. అవఘడ్ అంటే కష్టం, అది ఇక్కడుంది; సోపా అంటే తేలిక, అది అక్కడుంది. పెళ్లిళ్లలో, బారసాలల్లో హర్షద తల్లి ఉష ముందే ఈ మాట అనేవాళ్లు. పైసలుంటే అక్కడ ఎవరైనా డాక్టరు అయిపోతారట కదా అని అడిగేవాళ్లు. సౌరభ్ కూడా అలాగే అనుకునేవాడు. పైకి ఎప్పుడూ అనలేదు, అంతే.

అక్కడ చేరడం తేలికే. ఆ సంగతి హర్షద కాదనేది కాదు. చేరిన తర్వాతి సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. బిష్కేక్‌లో పరీక్ష అంటే కాగితం మీద రాసేది తక్కువ. పాఠం చెప్పే మేడం బల్ల మీద చీటీలు బోర్లా పరిచేది. ఒకటి తీసుకుని, అందులో ఏ జబ్బు వస్తే దాని గురించి ఇద్దరు ప్రొఫెసర్ల ఎదుట నిలబడి మొదటినుంచి చివరిదాకా చెప్పాలి. మధ్యలో ఎక్కడ ఆగితే అక్కడే పట్టుకునేవారు. జ్వరం వచ్చి ఒక్క క్లాసు పోయినా ఊరుకునేవారు కాదు. జ్వరం తగ్గాక సాయంత్రం పూట వెళ్లి, ఆ రోజు పాఠమంతా అప్పజెబితేనే పై పరీక్షకు రానిచ్చేవారు.

మూడో ఏడు వార్డులో అడుగుపెట్టినప్పుడు అసలు కష్టం మొదలైంది. పాఠాలు ఇంగ్లీషులోనే గానీ రోగులు మాట్లాడేది రష్యన్. ఒక ముసలమ్మను నొప్పి ఎక్కడని అడిగింది హర్షద. ఆమె గుక్క తిప్పుకోకుండా ఏదో చెప్పింది. ఒక్క ముక్కా అర్థం కాలేదు. ప్రొఫెసర్ సున్నా వేసి వెళ్లిపోయాడు. ముసలమ్మకే జాలి కలిగింది కాబోలు, చేయి పట్టి కూర్చోబెట్టుకుని తన కడుపు చూపిస్తూ, చంటిపిల్లకు నేర్పినట్టు ఒక్కొక్క మాటా పలికించింది. ఆమె ఇంటికి వెళ్లేదాకా హర్షద రోజూ ఆ మంచం దగ్గరికి పోయి మాటలు నేర్చుకుంది.

డిగ్రీ పట్టుకుని వచ్చాక ఇక్కడ మరో గడప ఎదురైంది. బయటి దేశంలో చదివినవాళ్లు ఇక్కడ వైద్యం చేయాలంటే ఇంకో పరీక్ష గట్టెక్కాలి. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మూడు వందల ప్రశ్నలిస్తారు. ప్రతిదానికీ నాలుగు జవాబులు, ఒకటి నొక్కాలి. సగం సరిగ్గా రావాలి. హర్షద రెండుసార్లు తప్పింది. రెండోసారి ఫలితం వచ్చిన మర్నాడు పొద్దున్నే పాండురంగ్ తమ్ముడి ఇంటికి వెళ్లి, అక్కకు కొంచెం చూపించమని సౌరభ్‌ను అడిగి వచ్చాడు.

సౌరభ్ అప్పటికి ఎంబీబీఎస్ ముగించి, పీజీ ప్రవేశ పరీక్షలో అనుకున్న ర్యాంకు రాక మళ్లీ చదువుతున్నాడు. పెద్దనాన్న మాట తీసేయలేక వచ్చాడు. మొదటి రోజు పుస్తకం తెరిచి గబగబా ప్రశ్నలు వేశాడు. హర్షద ప్రతిదానికీ కారణంతో మొదలుపెట్టేది. ఈ జవాబు ఎందుకు కావచ్చు, ఆ జవాబు ఎందుకు కాకపోవచ్చు అని వివరించేది. అతను ఓర్చుకుని ఓర్చుకుని చివరికి పుస్తకం మూశాడు.

"అక్కా, ఎందుకో ఎవడూ అడుగుతలేడు. ఏ అంటవా, బీ అంటవా, గంతే చెప్పు."

హర్షదకు కోపం వచ్చింది. పాత క్యాలెండర్ కాగితం చింపి నాలుగైదు చీటీలు రాసి చాప మీద బోర్లా పరిచింది.

"ఒకటి తియ్యి. నేను మేడం అనుకో. లేచి నిలబడి చెప్పు."

అతనికి మూత్రపిండాల వైఫల్యం అని రాసిన చీటీ వచ్చింది. నవ్వుతూ లేచాడు. రెండు వాక్యాలు చెప్పి ఆగాడు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగాడు. కింద మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. అంచులు కుట్టే తువాళ్లు ఒళ్లో పెట్టుకున్న ఉష తలెత్తి చూసింది.

"నాకు అంతా తెలుసు అక్కా. నోట్లెకు వస్తలేదు."

"నాకు నోట్లెకు వస్తది. వేలు ఒక్క బటన్ మీద ఆగుతలేదు," అంది హర్షద.

అతను కింద కూర్చుని, ఆ చీటీల పద్ధతి మొదటినుంచి చెప్పమన్నాడు. ఆ సాయంత్రమే హర్షద మొదటిసారి బిష్కేక్ సంగతులన్నీ చెప్పింది, సున్నా సంగతితో సహా. సౌరభ్ తన కాలేజీ సంగతి చెప్పాడు. అక్కడ సీటు దొరికేదాకానే కష్టం అనుకున్నాడట. దొరికాక వార్డుల్లో రోగుల రద్దీలో సూదులు వేయడం, కుట్లు వేయడం చేతికి వచ్చాయి గానీ, ఎదురుగా కూర్చోబెట్టి నీకేం తెలిసిందని అడిగే తీరిక ఏ సారుకూ లేకపోయింది.

ఆ తర్వాత కొన్ని నెలలు ఇద్దరూ ఒకరికొకరు మాస్టర్లయ్యారు. పొద్దున అతను గడియారం పెట్టి ఆమె చేత ప్రశ్నలు చేయించేవాడు. సాయంత్రం ఆమె చీటీలు పరిచేది. మగ్గాల హోరులో వినపడాలంటే గట్టిగా చెప్పాల్సిందే కాబట్టి సౌరభ్ గొంతు కూడా విచ్చుకుంది. ఉష తువాళ్లు కుడుతూ వినేది. అర్థం కానిచోట అడిగేది. ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పలేకపోతే ఆ చీటీ మళ్లీ తీయాల్సి వచ్చేది.

మూడోసారి హర్షద గట్టెక్కింది, పాసు గీతకు కాస్త పైన. సౌరభ్‌కు పీజీలో అనుకున్న జనరల్ మెడిసిన్ రాలేదు. నాందేడ్‌లో, ఆపరేషన్లకు మత్తు ఇచ్చే విభాగంలో సీటు వచ్చింది. వారం రోజులు ముభావంగా తిరిగి చివరికి చేరాడు. బస్సెక్కే ముందు ఆమెతో, "నీది సోపా అని నేను గూడ అనుకున్న అక్కా," అన్నాడు. తనకు తెలుసులే అని చెప్పి, అతని సంచి బస్సు లోపల పెట్టింది హర్షద.

ఇప్పుడామె ఒక సర్కారు ఆసుపత్రిలో ఇంటర్న్‌గా ఉంది. ఇక్కడి మందుల పేర్ల దగ్గర ఇంకా తడబడుతోంది. మొదటి వారంలోనే పెద్ద డాక్టర్ రౌండుకు వచ్చి, దూదిధూళితో ఊపిరాడక చేరిన ఒక నేత కార్మికుడి కేసు చెప్పమన్నాడు. హర్షద కాగితం చూడకుండా, అతని ఊరు, పని, దగ్గు మొదలైన రోజు దగ్గర్నుంచి చెప్పుకుంటూ పోయింది. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. ఎక్కడ చదివావని మాత్రం అడిగాడు.

"బిష్కేక్‌లో సర్."

ఆయన తలూపి తర్వాతి మంచం వైపు నడిచాడు. హర్షద ఆయన వెంట వెళ్లింది.