కల్లంలో కూర్చున్న డాక్టరమ్మ

ఆ పీజీ అమ్మాయిది మా అమ్మాయి వయసే. సర్జరీ చదువుతూ, మూడు నెలల శిక్షణకి నందిగామలో నేను సర్జన్‌గా పనిచేసే ఆసుపత్రికి వచ్చింది. ఇద్దరం ఉండేది జగ్గయ్యపేటలో కాబట్టి రోజూ నా కారులోనే వచ్చేది. చేతి పని మంచిది. కుట్లు వేస్తుంటే చూడముచ్చటగా ఉండేది.

పెనుగంచిప్రోలు నుంచి వచ్చిన ఒక కూలి మనిషికి రొమ్ములో గడ్డ. ముక్క పరీక్షలో క్యాన్సరని తేలింది. ఆ సంగతి చెప్పమని అమ్మాయికి అప్పగించి, నేను పక్క గదిలోంచి చూస్తున్నాను. అమ్మాయి కూర్చోలేదు. ఫైలు వంకే చూస్తూ, "క్యాన్సరండి. విజయవాడ వెళ్లి ఆపరేషన్ చేయించుకోవాలి" అంది. అంతే. ఆ మనిషి "సరేనమ్మా" అని, ఫైలు కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

నేను వరండాలోనే, నర్సులందరి ముందే, "ఇంత చదివీ మనిషితో మాట్లాడ్డం రాదా నీకు?" అని అరిచాను. ఆ సాయంత్రం అమ్మాయి నా కారెక్కలేదు. బస్సులో వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే అమ్మాయి గది ముందు హారన్ కొడితే వచ్చి కూర్చుంది. బయట దట్టంగా పొగమంచు. లారీల దీపాలు ఎక్కడో నీళ్ల అడుగున వెలుగుతున్నట్టు వచ్చి, పక్కనుంచి జారిపోతున్నాయి. కారు కదులుతోందో, రోడ్డే కదులుతోందో తెలియడం లేదు. మొహాలు చూసుకోనక్కర్లేదు కాబట్టేమో, మాట తేలిగ్గానే వచ్చింది.

"నిన్న అందరి ముందూ అరిచా. అది నా తప్పు. ఆమెకి చెప్తున్నప్పుడు నీకేమనిపించింది?"

అమ్మాయి అద్దం మీది చెమ్మ తుడుస్తూ అంది: "కూర్చుంటే ప్రశ్నలడుగుతుందని భయమేసింది మేడం. బతుకుతానా అంటే ఏం చెప్పాలి? నాకు తెలీదుగా."

"తెలీదనే చెప్పు. కానీ కూర్చుని చెప్పు."

కారు పెనుగంచిప్రోలు వైపు తిప్పాను. ఊరి దగ్గర మున్నేరు మంచులో కలిసిపోయింది. ఒడ్డేదో నీరేదో తెలియలేదు. ఆమె పేరు చెప్పి అడిగితే, ఎవరో ఆమె పనిచేసే కల్లం చూపించారు. ఎర్రగా పరిచిన మిరపకాయల మధ్య ఆమె తెల్లబారిన తాలుకాయలు ఏరుతోంది. ఆ ఎరుపంతా నేల విడిచి గాల్లో తేలుతున్నట్టుంది.

అమ్మాయి వెళ్లి ఆమె పక్కనే పట్టా మీద కూర్చుంది. నేను దూరంగా ఉండిపోయాను.

"నిన్న సరిగ్గా చెప్పలేదమ్మా. ఏమన్నా అడుగుతారా?"

ఆమె చేతులు ఆగాయి. "బతుకుతానా తల్లీ?"

"తెలీదమ్మా. గడ్డ చిన్నగానే ఉంది. తొందరగా తీయించుకుంటే మంచిది. సోమవారం విజయవాడకి నేనూ వస్తా."

ఆమె ఏడ్చింది. అమ్మాయి లేవలేదు. ఘాటుకి తుమ్ముతూనే తనూ కాయలు ఏరుతూ కూర్చుంది. ఎంతసేపో నాకు గుర్తులేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కుట్లు మాత్రం ఈ డాక్టరమ్మే విప్పాలని ఆమె పట్టుబట్టి మా దగ్గరికే వచ్చింది.

శిక్షణ ఆఖరి రోజు కారులో అడిగాను, నా గురించి నీకేమన్నా చెప్పాలనుందా అని. అమ్మాయి తటపటాయించింది.

"బాగా చేస్తే మీరేమీ అనరు మేడం. కల్లం నుంచి వచ్చేటప్పుడు కూడా ఏమీ అనలేదు. మళ్లీ తప్పు చేశానేమో అనుకున్నా."

ఆ రోజు దారంతా నేను మురిసిపోతూనే ఉన్నాను. పైకి ఒక్క ముక్కా అనలేదని అప్పుడే తెలిసింది. కారు పక్కకి ఆపాను. కల్లంలో తను కూర్చున్న తీరు, తెలీదన్న మాట, లేవకుండా ఉండటం, తుమ్ములతో సహా ఒక్కొక్కటే చెప్పాను.

"ఇప్పుడా మేడం చెప్పేది!" అని నవ్వేసింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.